ఏమవుతావు అని అడిగే ముందు

మా సొసైటీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల్ని ఏటా ఒక ప్రశ్న అడుగుతుంటాం: "చదివి ఏమవుతావు, బేటా?" జవాబులు మాకు కంఠతా వచ్చు. గవర్నమెంటు ఉద్యోగం, సాఫ్ట్‌వేర్, లేదంటే దుబాయో సౌదీయో. సొంతంగా షాపు పెట్టుకుంటానన్న పిల్లవాణ్ని మేము ఇంతవరకు చూడలేదు. వాళ్ల తండ్రుల్లో చాలామంది మెకానిక్కులు, టైలర్లు, పండ్ల వ్యాపారులు. నాన్న పని చెప్పుకోవడానికి నామోషీ పడటం పిల్లలు ఎక్కడ నేర్చారు? కొంత మా దగ్గరే. "చదవకపోతే మీ నాన్నలాగే పానా పట్టుకుంటావు" అని క్లాసులో అన్నది మేమే.

ఆ మాట పడ్డ విద్యార్థి ఒకడు ఇప్పుడు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగు చేస్తున్నాడు. బి.కాం. తర్వాత నాలుగేళ్లు గ్రూప్స్ పరీక్షలు రాసి, చివరికి తండ్రి షాపులోనే కూర్చున్నాడు. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే, ఇంట్లోవాళ్లు "ఉద్యోగానికి ట్రై చేస్తున్నాడు" అని చెప్పేవారట. పని చేస్తున్నవాణ్ని పని వెతుక్కుంటున్నవాడిగా చూపించవలసి వచ్చింది!

రోజుకు ఐదుసార్లు అజాన్ మనల్ని 'ఫలాహ్' వైపు, అంటే సాఫల్యం వైపు పిలుస్తుంది. అరబ్బీలో రైతును 'ఫల్లాహ్' అంటారు. రెండు మాటలదీ ఒకే ధాతువు. అందులో నేల దున్నడమన్న అర్థం ఉంది గానీ, హోదా అన్న అర్థం లేదు.

అబూ దావూద్ హదీసు గ్రంథంలోని ఒక సంఘటన మనకు తెలిసిందే. సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీని, ఇంట్లో ఏముందని దైవప్రవక్త (స) అడిగారు. ఒక దుప్పటి, ఒక గిన్నె. వాటిని వేలం వేస్తే 2 దిర్హములు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి తెమ్మన్నారు. దానికి పిడి స్వయంగా బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, 15 రోజులు నాకు కనబడకు అన్నారు. అతను 10 దిర్హములతో తిరిగి వచ్చాడు. కష్టపడమని చెప్పడానికే మనం ఈ కథ వాడుతుంటాం. అందులోని క్రమం చూడండి: ముందు ఇంటి తిండి, తర్వాత పనిముట్టు, ఆ తర్వాత గడువు, చివర లెక్క.

మా విద్యార్థి తప్పింది ఆ లెక్క దగ్గరే. ఏసీ పని మార్చి నుంచి జూన్ దాకా ముమ్మరం. మొదటి వేసవిలో చేతినిండా డబ్బు చూసి బైకు కొన్నాడు. వానలు పడగానే పని తగ్గింది, వడ్డీకి అప్పు తెచ్చాడు. తర్వాత దారి మార్చుకున్నాడు. షాపు డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు. ఏడాదికి ఖర్చులు పోను 3 లక్షలు మిగులుతాయనుకుంటే, తనకు తాను నెలకు 20 వేలే జీతం ఇచ్చుకుంటాడు. మిగిలిన 60 వేలు జబ్బు చేసినా, పని లేకపోయినా వాడుకోవడానికి. ఆ 20 వేలు ఊహించి పెట్టింది కాదు: అద్దె, ఫీజులు, అమ్మ బీపీ మందులు, సరుకులు కూడి రాసుకున్నది.

జకాత్ లెక్కా ఆ ఖాతాలోనే ఉంది. వాక్యూమ్ పంపు, గేజీల వంటి పనిముట్లపై జకాత్ లేదు. అమ్మకానికి తెచ్చిన విడిభాగాలు, చేతిలోని నగదు, తప్పక వసూలయ్యే బాకీలు కలిపి నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం ఇవ్వాలి. ఖాతా రాయని దుకాణదారు ఇది అంచనాగా ఇస్తాడు, లేదా ఇవ్వడమే మరిచిపోతాడు.

ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో అతను రాసుకున్నవి ఇవి: జుమా నమాజుకు పరుగెత్తకుండా వెళ్లడం, రాత్రి పిల్లలతో కలిసి తినడం, ఏటా ఒక షాగిర్దుకు పని నేర్పడం. అదాయం సంగతి అందులో లేనేలేదు.

నెల నెలా ఒకటో తారీఖున జీతం అందుకునే మేము, ఇతరులకు షాపు పెట్టుకోమని చెప్పడం సులువే. సొంత పనిలో సెలవు పెడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. చెయ్యి విరిగితే షాపు మూతపడుతుంది. అందరికీ సరిపడే దారి కాదిది. ఉద్యోగం ఇష్టపడి చేసేవాళ్లు చేయాలి, మాకూ అది ఇష్టమే.

ఈసారి స్కాలర్‌షిప్ ఫారంలో 'ఉద్యోగ లక్ష్యం' అన్న గడి తీసేయమని కమిటీకి రాశాం. దాని బదులు రెండు ప్రశ్నలు పెట్టమన్నాం: మీ ఇంటికి నెలకు ఎంత ఉంటే సరిపోతుంది? మీ నాన్నకో అమ్మకో వచ్చిన పనిలో మీకు ఏది చేతనవును?