చిలుము పట్టిన పాత వాచీకి విద్యుత్ పూత: ఏది తిరిగొస్తుంది, ఏది రాదు

చాలా ఇళ్లలో బీరువా అరలో ఒక పాత వాచీ ఉంటుంది. పెళ్లిలో మామగారు పెట్టినదో, ఉద్యోగ విరమణ రోజున తోటివాళ్లు ఇచ్చినదో అయి ఉంటుంది. మన దేశంలో అది తరచుగా హెచ్‌ఎంటీ. జపాన్‌కు చెందిన సిటిజెన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో ఆ వాచీల తయారీ మొదలైంది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆనాటి అసలు విడిభాగాలు ఏటికేడు అరుదవుతున్నాయి.

అలాంటి వాచీకి కీ ఇస్తే లోపలి యంత్రం చాలాసార్లు ఇప్పటికీ నడుస్తుంది. పాడైపోయేది పైనున్న కేసు. మెరుపు పొరలు పొరలుగా లేచిపోతుంది. బెల్టు బిగించే కొమ్ముల దగ్గర పచ్చటి చిలుము పడుతుంది. దాన్ని గీకితే కింద గుంతలు బయటపడతాయి. ‘మళ్లీ పూత వేయిస్తే కొత్తదైపోదా?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కొంతవరకే అవుతుంది. ఎంతవరకన్నది ముందే తెలుసుకోకపోతే, బాగుచేయబోయి ఉన్న వాచీని కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

చెమట చేసే పని

ఆ తరం వాచీల్లో చాలావాటికి కేసు ఇత్తడిది. దానిపైన నికెల్ పొర, ఆ పైన పలుచని క్రోమియం పొర ఉంటాయి. వెనక మూత మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు. మెరుపు కోసం వేసే క్రోమియం పొర మందం సాధారణంగా అర మైక్రాన్ లోపే. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. అంత పలుచని పొరలో కంటికి కనిపించని పగుళ్లు, సూది మొనంత రంధ్రాలు తప్పవు.

చెమటలో ఉప్పు ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ రంధ్రాల్లోంచి కిందికి దిగుతాయి. పైనున్న క్రోమియం తన మీద తానే ఒక ఆక్సైడ్ పొరను కప్పుకుని క్షేమంగా ఉంటుంది. చెమట తడి దానికీ, కింది లోహానికీ మధ్య ఒక చిన్న బ్యాటరీని తయారుచేస్తుంది. విశాలమైన క్రోమియం ఉపరితలం ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. రంధ్రం అడుగున ఉన్న కొద్దిపాటి లోహం వాటినివ్వడానికి కరుగుతుంది. భారమంతా ఆ చిన్న చోటి మీదే పడటంతో అక్కడ లోతుగా గుంత పడుతుంది.

ఇత్తడి దాకా చేరాక మరో మార్పు మొదలవుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. ఇందులో జింకు ముందు కరిగిపోతుంది. మిగిలిన రాగి స్పాంజిలా గుల్లబారి, ఎర్రటి మచ్చలుగా కనిపిస్తుంది. గుంతల అడుగున రాగి క్లోరైడ్ చేరుతుంది. గాలిలోని తేమ, ఆక్సిజన్ తగిలినప్పుడల్లా అది మళ్లీ చిలుమును పుట్టిస్తుంది. పైపైన తుడిచి బీరువాలో పెట్టిన వాచీ ఏడాదికి మళ్లీ పచ్చబడటానికి కారణం ఇదే. క్లోరైడ్ మిగిలి ఉండగా పైన ఎంత మంచి పూత వేసినా, కొన్నాళ్లకు అది బొబ్బలెక్కి లేచిపోతుంది.

కరెంటుతో పూత ఎలా పడుతుంది?

లోహం మీద లోహం పూయడం తెలుగువారికి కొత్త కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు గిన్నెను కాల్చి, నవాసారంతో శుభ్రం చేసి, కరిగిన తగరాన్ని గుడ్డతో పూసేవారు. మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి బంగారు పూత నగలకు పేరుపడింది. వేడితో కాకుండా విద్యుత్తుతో పూత వేయడం మొదలై రెండు శతాబ్దాలు దాటింది. వోల్టా 1800లో బ్యాటరీని కనిపెట్టాక, ఇటలీకే చెందిన లుయిజీ బ్రున్యాతెల్లి 1805లో దాని సాయంతో వెండి పతకాల మీద బంగారం పూశాడు.

సూత్రం సులువు. నికెల్ లవణాలు కరిగిన ద్రావణంలో వాచీ కేసును రుణ ధ్రువానికి, నికెల్ పలకను ధన ధ్రువానికి కలుపుతారు. ద్రావణంలోని ప్రతి నికెల్ అయాను కేసును చేరి, రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని, లోహపు పరమాణువుగా అక్కడే స్థిరపడుతుంది. పలక నుంచి కరిగే నికెల్ ఆ లోటును భర్తీ చేస్తుంది. ఆలివర్ వాట్స్ 1916లో ప్రకటించిన మిశ్రమమే నేటికీ నికెల్ పూతకు ఆధారం. అందులో నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం ఉంటాయి. పూత పడేచోట కొద్దిగా హైడ్రోజన్ కూడా పుట్టడం వల్ల అక్కడ ఆమ్లత్వం తగ్గుతుంది. బోరిక్ ఆమ్లం దాన్ని అదుపులో పెట్టకపోతే పూత మసకబారి పెళుసెక్కుతుంది.

ఎంత పూత పడుతుందో ఫారడే సూత్రాలతో ముందే లెక్కకట్టవచ్చు. ఒక కూలుంబు విద్యుదావేశానికి 0.304 మిల్లీగ్రాముల నికెల్ పడుతుంది. ఒక వాచీ కేసు ఉపరితలం 15 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. చదరపు డెసీమీటరుకు 2 ఆంపియర్ల చొప్పున దానికి 0.3 ఆంపియర్లు చాలు. 25 నిమిషాల్లో 450 కూలుంబులు ప్రవహిస్తాయి. హైడ్రోజన్ రూపంలో పోయే కొద్దిపాటి నష్టం తీసేస్తే దాదాపు 0.13 గ్రాముల నికెల్ పడుతుంది. కేసంతటా పరిస్తే దాని మందం సుమారు 10 మైక్రాన్లు. తల వెంట్రుక మందం అంతకు కొన్ని రెట్లు ఉంటుంది.

గుంత ఎందుకు నిండదు?

చిలుము తిన్న గుంత లోతు ఒక్కోసారి 0.2 మిల్లీమీటర్లు, అంటే 200 మైక్రాన్లు ఉంటుంది. పై లెక్క ప్రకారం గంటకు పడే నికెల్ 25 మైక్రాన్లను మించదు. ‘అయితే ఎనిమిది గంటలు ఉంచితే సరిపోతుంది కదా’ అనిపించవచ్చు. కానీ గుంతలో పడేంత పూత చుట్టుపక్కలా పడుతుంది. వాన కురిస్తే గుంతతో పాటు గట్టూ తడుస్తుంది కదా, ఇదీ అంతే. ఉపరితలమంతా ఒకేలా పైకి లేస్తే గుంత గుంతగానే మిగులుతుంది.

నిజానికి అంతకంటే అన్యాయమే జరుగుతుంది. లోహపు అంచుల దగ్గర, మొనల దగ్గర విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. అయాన్లు అటువైపే ఎక్కువగా వెళతాయి. గుంత అడుక్కి తక్కువ చేరతాయి. గంటల తరబడి పూస్తే కొమ్ముల అంచులు ఉబ్బుతాయి, వెనక మూత బిగించే మరలు పూడుకుపోతాయి. గుంత మాత్రం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెరిసే పూత లోపాలను దాచదు. గరుకు ఉపరితలం మీద కంటికి ఆనని గీత కూడా అద్దంలాంటి ఉపరితలం మీద బయటపడుతుంది.

అందుకే అనుభవం ఉన్న పనివారు పూత తొట్టె కన్నా ముందు చేతిపనికి ఎక్కువ సమయం ఇస్తారు. మొదట యంత్రం, డయల్, ముళ్లు, అద్దం, కీ అన్నీ విప్పి వేరుచేయాలి. పాత క్రోమియం, నికెల్ పొరలను తీసేయాలి. తర్వాత చిలుమును గుంత అడుగుదాకా తొలగించి, క్లోరైడ్ పోయేవరకు స్వేదనజలంతో పదేపదే కడగాలి. చింతపండుతో తోమితే ఇత్తడి బిందె మెరిసేది దానిలోని ఆమ్లం చిలుమును కరిగించడం వల్లే. కానీ ఆ ఆమ్లం పోయిన లోహాన్ని తెచ్చిపెట్టదు. లోతైన గుంతలను వెండి టంకంతోనో, లేజర్ వెల్డింగ్‌తోనో నింపి, ఆకురాయితో అసలు ఆకారానికి తేవాలి.

చిన్నపాటి లోతులకు రాగి పూత సాయపడుతుంది. మైలుతుత్తం, గంధకామ్లం కలిపిన ద్రావణంలో కొన్ని ప్రత్యేక రసాయనాలను స్వల్పంగా చేరుస్తారు. అవి ఎత్తుగా ఉన్నచోట్లకు ఎక్కువగా అంటుకుని అక్కడ పూత వేగాన్ని తగ్గిస్తాయి. దాంతో సన్నని గీతలు, పల్లాలు మిగతా చోట్ల కంటే వేగంగా నిండుతాయి. రాగి మెత్తన కాబట్టి ఎమెరీ కాగితంతో రుద్ది నునుపు చేయడం సులువు. పూసి, రుద్ది, మళ్లీ పూసి ఉపరితలాన్ని సిద్ధం చేస్తారు. ఆ తర్వాతే నికెల్. కేసు ఇత్తడిది కాకుండా జింకు మిశ్రమంతో పోతపోసినదైతే ఆమ్ల రాగి ద్రావణంలో నేరుగా ముంచకూడదు. కరెంటు ఇవ్వకముందే జింకు కరిగి, దాని స్థానంలో రాగి పొడిపొడిగా పడుతుంది. ఆ పొర గోటితో గీకినా ఊడిపోతుంది.

ప్రతి పొరకు ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. కేసును నీటిలో ముంచి తీస్తే నీరు పలుచని తెరలా అంతటా పరుచుకోవాలి. తామరాకు మీద నీటిబొట్టులా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. వేలిముద్ర ఒక్కటి చాలు, పూత అక్కడ అంటకపోవడానికి.

నికెల్ దగ్గరే ఆపవచ్చా?

నికెల్ తళతళలాడుతుంది కానీ చర్మానికి తగిలే చోట చివరి పొరగా మంచిది కాదు. చెమటకు కరిగే నికెల్ కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. ఒంటికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని ఐరోపా సమాఖ్య పరిమితి పెట్టింది. అందుకే నికెల్ పైన క్రోమియం, రోడియం, బంగారం వంటి మరో పొర వేస్తారు. మన 15 చదరపు సెంటీమీటర్ల కేసుకు ఒక మైక్రాన్ మందాన బంగారం పూయాలంటే 0.03 గ్రాములు సరిపోతుంది. అయితే రోజూ పెట్టుకునే వాచీకి అంత పలుచని బంగారం ఎక్కువకాలం నిలవదు. చొక్కా చేతి అంచు రాపిడికే కొమ్ముల మీద అరిగిపోతుంది.

వంటింట్లో చేయకూడని పని

వెనిగర్, ఉప్పు, మొబైల్ చార్జర్‌తో పూత వేయవచ్చని చూపే వీడియోలు చాలా ఉన్నాయి. సూత్రపరంగా అది పనిచేస్తుంది. ప్రమాదం ఏమిటో మాత్రం వాటిలో ఎక్కువగా కనిపించదు. అలా తయారయ్యే పచ్చని ద్రావణం నికెల్ లవణం. క్యాన్సర్ పరిశోధనకు చెందిన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ నికెల్ సమ్మేళనాలను, ఆరు సంయోజకత గల క్రోమియంను మానవుల్లో క్యాన్సర్ కలిగించేవాటిగా వర్గీకరించింది. పూత తొట్టె నుంచి లేచే బుడగలు పగిలినప్పుడు ఆ ద్రావణం సన్నని తుంపరగా గాలిలో కలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాను ధన ధ్రువానికి తగిలించినా దానిలోని క్రోమియం ద్రావణంలోకి చేరి, ఆ విష రూపంలోకి మారే అవకాశం ఉంది. బంగారు పూత ద్రావణాల్లో సయనైడ్ లవణాలు ఉండవచ్చు. వాటికి ఆమ్లం తగిలితే ప్రాణాంతక వాయువు వెలువడుతుంది. వాడిన ద్రావణాన్ని సింకులో పారబోస్తే చివరికి కాలువలోకో చెరువులోకో చేరుతుంది.

అందువల్ల విప్పడం, శుభ్రం చేయడం వరకు ఇంట్లో లేదా వాచీ రిపేరు దుకాణంలో చేయించుకుని, పూతను వ్యర్థాల శుద్ధి ఉన్న పూత కర్మాగారానికి అప్పగించడం మేలు. అక్కడికి ఇచ్చేటప్పుడు ఉక్కు స్ప్రింగులను కేసుతో కలిపి ఇవ్వకూడదు. పూత సమయంలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది.

ఇంకో జాగ్రత్త పాత విదేశీ వాచీల విషయంలో అవసరం. 1960ల వరకు కొన్ని వాచీల ముళ్లకు, అంకెలకు చీకట్లో వెలిగేందుకు రేడియం కలిపిన రంగు వేసేవారు. వెలుగు తగ్గినా రేడియం అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు కాబట్టి దాని రేడియోధార్మికత దాదాపు అలాగే ఉంటుంది. అలాంటి డయల్‌ను గీకకూడదు, దాని పొడిని పీల్చకూడదు.

ఎక్కడ ఆగాలి?

కేసును రుద్దిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. కొమ్ముల పదునైన అంచులు గుండ్రబడతాయి, చెక్కిన గీతలు చెరిగిపోతాయి. పూత నచ్చకపోతే తీసి మళ్లీ వేయవచ్చు. ఎక్కువగా రుద్ది పోగొట్టుకున్న ఆకారాన్ని మాత్రం ఏ తొట్టె తిరిగి ఇవ్వదు. అందుకే పురాతన వస్తువులను సంరక్షించేవారు అవసరమైనంత వరకే చేయి పెడతారు. వాచీని అద్దాల పెట్టెలో దాచుకోవాలంటే క్లోరైడ్ తొలగించి, ఆరబెట్టి, పొడిగా ఉంచితే చాలు. మళ్లీ చేతికి పెట్టుకోవాలంటే పూత తప్పదు, లేకపోతే చెమట వదిలేసిన పనిని మళ్లీ అందుకుంటుంది.

రెండో దారి ఎంచుకున్నా, స్టీలు మూతను మాత్రం బఫింగ్ చక్రం దగ్గరికి పంపకముందు తిప్పి చూడాలి. దానికి పూత అవసరం లేదు, సబ్బు నీళ్లు చాలు. దానిమీద ఇచ్చినవారి పేరో, విరమణ తేదీయో చెక్కి ఉంటే, చక్రం కింద పెట్టిన కాసేపటికే అది మాసిపోతుంది.