పాత అంబాసిడర్ స్టీరింగ్ వైరింగ్: తెంచే ముందు తెలుసుకోవలసినవి

ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయాల ముందు బారులు తీరిన అంబాసిడర్ కార్లు నేడు పెళ్లి ఊరేగింపుల్లోనో, సినిమా చిత్రీకరణల్లోనో, అభిరుచి గలవారి షెడ్లలోనో తప్ప అంతగా కనిపించడం లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో వీటి ఉత్పత్తి నిలిచిపోయింది. తండ్రుల నాటి కారును తిరిగి రోడ్డెక్కించాలనుకునే వారికి ఇంజిను కన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చిపెట్టేది స్టీరింగ్ కింద వేలాడే తీగల చిక్కుముడి. చక్రం తిప్పినప్పుడల్లా హారన్ మోగడం, ఇండికేటర్ వేస్తే డాష్‌బోర్డు దీపాలు మసకబారడం వంటి వింతలకు మూలం చాలావరకు అక్కడే ఉంటుంది.

ఉన్న తీగలన్నీ కత్తిరించి కొత్తవి లాగేయడమే సులువని పలువురు భావిస్తారు. ఆ తొందరే అసలు చిక్కు. సాధారణంగా లోపం ఒకటి రెండు చోట్లకు మించి ఉండదు. కత్తెర పడిన తర్వాత ఏ తీగ ఎక్కడికి వెళ్లేదో చెప్పే ఆనవాళ్లు మిగలవు.

రంగులే ఆధారం

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3. కాబట్టి పాత వైరింగును ఆనాటి బ్రిటిష్ లూకాస్ పద్ధతి ప్రకారం చదవవచ్చు. ఈ పద్ధతిలో గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే సరఫరా. తెలుపు రంగుది తాళం తిప్పితేనే కరెంటు అందుకుంటుంది. తాళం దాటి, ఫ్యూజు కూడా దాటి వచ్చేది ఆకుపచ్చ. హెడ్‌లైట్లకు నీలం, పార్కింగ్ దీపాలకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు వాడతారు. ఆకుపచ్చపై ఎర్ర చార ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల చార ఉంటే కుడి ఇండికేటర్. దశాబ్దాల మురికి పట్టిన తీగపై ఈ చారలు కనిపించవు. తడిగుడ్డతో తుడిచి, తొడుగు లోపల దాగిన భాగాన్ని చూస్తే అసలు రంగు బయటపడుతుంది. మధ్యలో ఎవరైనా తమకు దొరికిన తీగ వేసి ఉంటే రంగును నమ్మకుండా పరీక్షించి తేల్చుకోవలసిందే.

హారన్ రహస్యం

ఇంట్లో స్విచ్చి బల్బుకు కరెంటు పంపుతుంది. పాత కార్లలో హారన్ సాధారణంగా ఇందుకు భిన్నంగా పనిచేస్తుంది. హారన్‌కు సరఫరా ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. స్టీరింగ్ మధ్యనున్న బటన్ చేసేదల్లా రెండో తీగను ఎర్త్‌కు తగిలించడమే. ఈ సంగతి తెలిస్తే సగం లోపాలు కూర్చున్నచోటే అర్థమవుతాయి. హారన్ ఆగకుండా మోగుతోందంటే బటన్‌కు వెళ్లే తీగ ఎక్కడో ఒరుసుకుపోయి కాలమ్ ఇనుముకు తగులుతున్నట్లు. అసలు మోగకుంటే తీగ తెగి ఉండాలి, లేదా కాలమ్‌కు ఎర్త్ సరిగా అందకపోయి ఉండాలి. బటన్ తీగను విడదీసి బాడీకి ఆనించి చూడండి. అప్పుడు మోగితే హారన్ బాగున్నట్లే, లోపం కాలమ్‌లోనే ఉంది. తుప్పు, రంగు, గట్టిపడిన గ్రీజు ఎర్త్‌ను అడ్డుకుంటాయి. బిగింపుల వద్ద గీకి శుభ్రం చేసి, కాలమ్ నుంచి బాడీకి ఒక ఎర్త్ తీగ వేస్తే సరిపోతుంది. దీనికి హారన్‌నే మార్చిపారేసేవారూ లేకపోలేదు.

రెండే ఫ్యూజులు

నేటి కార్లలో పదుల సంఖ్యలో ఫ్యూజులుంటాయి. లూకాస్ తరహా పాత కార్లలో సాధారణంగా రెండే. ఒకటి హారన్ వంటి నిత్య సరఫరాకు, రెండోది తాళం తిప్పాక పనిచేసే వైపరు, ఇండికేటర్ల వంటి వాటికి. ఇగ్నిషన్, హెడ్‌లైట్ల తీగలకు ఫ్యూజు రక్షణే లేదు. అంటే తాళం వెనుకనున్న గోధుమ రంగు తీగ ఇనుముకు తగిలితే దాన్ని ఆపేదేమీ ఉండదు. తీగే ఎర్రగా కాలి పక్క తీగలను అంటిస్తుంది. పాత కార్లు నిలిపి ఉంచిన చోటే తగలబడటానికి ఇదొక కారణం.

మరో విషయం చాలామందికి తెలియదు. పాత గాజు ఫ్యూజుపై ఉండే 35 ఆంపియర్ల అంకె అది కరిగే పరిమితిని సూచిస్తుంది. నిరంతరం మోయగలిగేది అందులో దాదాపు సగమే. దాని స్థానంలో నేటి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే రక్షణ సగానికి తగ్గినట్లే. 15 ఆంపియర్లది సాధారణంగా చాలు. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టి ఉంటే ముందుగా దాన్ని తీసేయాలి.

పని మొదలుపెట్టే తీరు

తొలుత బ్యాటరీ కొసల్లో బాడీకి కలిపి ఉన్నదాన్ని విప్పాలి. పానా పొరపాటున ఇనుముకు తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు. కొన్ని పాత బ్రిటిష్ తరహా వాహనాల్లో బాడీకి కలిపేది పాజిటివ్ కొస. కాబట్టి నెగెటివ్ అని ముందే అనుకోకుండా బ్యాటరీ గుర్తు చూసి నిర్ధారించుకోవాలి. ప్రతి అతుకును ఫొటో తీసి, తీగకు కాగితపు చీటీ కట్టిన తర్వాతే విప్పాలి.

తిరిగి కలిపేటప్పుడు అనుభవజ్ఞులైన ఆటో ఎలక్ట్రీషియన్లు పాటించే ఉపాయం ఒకటుంది. బ్యాటరీ కొసను నేరుగా తగిలించకుండా మధ్యలో 21 వాట్ల బల్బు పెట్టాలి. స్విచ్చులన్నీ ఆపి ఉన్నప్పుడు బల్బు వెలగకూడదు. పూర్తి కాంతితో వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్లే. బల్బు కరెంటును అదుపు చేస్తుంది గనుక తీగ కాలదు. తీగలను ఒక్కొక్కటిగా విడదీస్తూ పోతే బల్బు ఆరిన చోట దొంగ దొరుకుతాడు.

చక్రం తిరిగేటప్పుడు తీగలు సాగకుండా కొంత వదులు ఉంచాలి. గేరు కాడ స్టీరింగుకే ఉన్న పాత మోడళ్లలో దాని కడ్డీలకు తీగలు తగలకుండా చూసుకోవాలి.

డిప్పరును పాదం దగ్గర నుంచి స్టీరింగ్ కాడకు మార్చిన కార్లలో మరో ముప్పు పొంచి ఉంటుంది. 45 వాట్ల బల్బులు రెండు 7.5 ఆంపియర్లు తీసుకుంటే, 100 వాట్లవి రెండు దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. ఆ చిన్న స్విచ్చి వేడెక్కి కరగక ఏం చేస్తుంది? రిలేలు అమర్చి వాటికి ఫ్యూజులు వేస్తే స్విచ్చిపై భారం నామమాత్రమే. ఇండికేటర్లకు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే పాత వేడి తరహా ఫ్లాషరు మిణకదు. లోపం తీగల్లో లేదని గ్రహించాలి.

అసలు స్విచ్చినే బాగు చేయించుకోవడానికి మరో కారణమూ ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని వాహనాలను ‘వీఏ’ శ్రేణిలో వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు.

స్టీరింగ్ చక్రం ఊడదీయవలసి వస్తే ముందు టైర్లను నిటారుగా ఉంచి, చక్రానికీ ఇరుసుకూ గుర్తు పెట్టుకోవాలి. తేడాగా బిగిస్తే మలుపు తిరిగాక ఇండికేటర్ తనంతట తాను ఆగదు. బండి కదిలించే ముందు మధ్యనున్న నట్టు పూర్తిగా బిగిసిందో లేదో మరోసారి చూసుకోవాలి.