రైలు రాని స్టేషను

పాత రైలు స్టేషనును పునరుద్ధరించుట యనగా నేమి? పాతగోడలకు సున్నము వేయుటయా, వాటిని తీసి క్రొత్త కట్టడము లేపుటయా, ఆగిన బండిని మరల నడపుటయా? ఇంజనీర్లు ఒక విధముగను, చరిత్రకారులు మరియొక విధముగను సమాధానము చెప్పుదురు. ప్రజల సమాధానము మాత్రము ఊరూరికి మారుచుండును. అట్లు మారుటకు కారణ మేమో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట మన గోదావరి సీమలోని కోటిపల్లిని చూతము. కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లివరకు సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము 1928లో ఏర్పడెను. కోటిపల్లి గౌతమీతీరమున సోమేశ్వరుడు వెలసిన పుణ్యక్షేత్రము. ఏటికి ఆవలిగట్టున ముక్తేశ్వరము; అచ్చటినుండి కోనసీమ. అనగా రైలు కోనసీమ గుమ్మమువరకు వచ్చి నిలిచినదన్నమాట. రేవు దాటినవారికి బండి దొరకెడిది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ పట్టాలను ఊడదీసి తరలించిరి. యుద్ధము ముగిసెను గాని పట్టాలు తిరిగి రాలేదు.

ఆ మార్గమును మరల తెరచినది 2004లో. నడుమ అరువది యేండ్లు గడచినవి. తాతలు ఎక్కిన బండిని గూర్చి మనుమలు కథగా విన్నారే కాని కంట చూడలేదు. దాని పునరుద్ధరణకై పాటుపడినవారిలో లోక్‌సభ అధ్యక్షులుగా నుండిన జి.ఎం.సి. బాలయోగి ముఖ్యులు. ఆయన 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. తాను కోరిన బండిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

బండి వచ్చినందుకు జనులు సంతోషించిరి. తోడనే కొరతయు వినవచ్చెను. ఏండ్ల తరబడి ఆ దారిని నడచినది ఒకే పెట్టెగల రైలుబస్సు. అదియు 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు ఆగిపోయెను. పట్టాలుండియు బండి లేని స్థితి వచ్చినది. దానిని మరల నడపుడను విన్నపములు మొదలైనవి. ఆ విన్నపములలో స్టేషను గోడల సొగసు ప్రస్తావన లేదు. జనులు అడిగినది బండిని.

ఇప్పుడు సికింద్రాబాదును గమనింపుడు. అచ్చట 1874నుండి రైళ్లు నడచుచున్నవి. పెరిగిన రద్దీకి తగినట్లు స్టేషనును నిర్మించుటకు 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగెను. 2025 తొలి మాసములలో పాత ముఖభాగమును కూల్చిరి. ఆ దృశ్యములను చూచి పలువురు నొచ్చుకొనిరి. ఉద్యోగమునకై తొలిసారి నగరమున దిగినవారు, చదువునకై పెట్టె పట్టుకొని వచ్చినవారు, ఆ ముఖద్వారమును తమ జీవితములో ఒక భాగముగా తలచిరి. మరికొందరు, ఇరుకున నలిగిన ప్రయాణికులకు విశాలమైన స్టేషను అవసరమే కదా యనిరి. ఇరువురి మాటయందును న్యాయమున్నది. అదే నగరమున 1916లో నిర్మించిన కాచిగూడ స్టేషను తన గుమ్మటములతో నేటికిని నిలిచి యుండగా, దాని క్రింద ప్రయాణికులు నిత్యము రాకపోకలు సాగించుచున్నారు. కావున పాతదనమును, ఉపయోగమును ఒకచో నిలుపుట అసాధ్యము కాదు.

పరదేశములలోను ఈ వివాదము క్రొత్తది కాదు. లండనులోని యూస్టన్ స్టేషను ముందరి మహాద్వారమును 1961–62లో కూలగొట్టిరి. ఆ నష్టమును చూచి మేల్కొన్నవారు, దగ్గరలోనే యున్న సెయింట్ పాంక్రాస్ స్టేషనుకై పోరాడిరి. జాన్ బెట్జెమన్ అను కవి వారిలో ప్రముఖుడు. 1868లో తెరచిన ఆ స్టేషను 1967లో రక్షిత కట్టడమై, పునరుద్ధరణానంతరము 2007లో దూరదేశపు రైళ్లకు నెలవైనది.

ఈ ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. రైలు ఎన్నడును ఆగనిచోట ప్రజలు గోడకొరకు దుఃఖింతురు. రైలు పోయినచోట గోడను తలపక రైలునే కోరుదురు. ఎవరు ఏది పోగొట్టుకొనిరో, వారికి అదియే పునరుద్ధరింపవలసినది. ఒకే నమూనా పటమును పట్టుకొని అన్ని ఊళ్లకును ఒకే తీరు స్టేషనును కట్టువారు ఈ భేదమును గుర్తింపవలెను. ప్రజలను అడుగవలసినది పని ముగిసిన తరువాత కాదు, మొదలిడుటకు ముందే.

సఖినేటిపల్లివారికి ఈ విషయము మరింత దగ్గరిది. వసిష్ఠకు ఈవలిగట్టున ఈ ఊరు, ఆవలిగట్టున నరసాపురము. స్టేషను ఎదుటి ఒడ్డుననే యున్నది, నడుమ ఏరున్నది. పంటెక్కి ఏరు దాటి బండి నందుకొనుట ఇచ్చటివారికి వాడుక. కోటిపల్లినుండి నరసాపురమువరకు 57 కిలోమీటర్ల మార్గము 2000–01లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వసిష్ఠలను దాటవలసిన మార్గమది. వంతెనల స్తంభములను చూచి ఆశపడినవారు ఒకరు, ఏండ్లు గడచుట చూచి పెదవి విరిచినవారు ఒకరు. కొబ్బరితోటలను, వరిచేలను ఆ మార్గమునకు ఇచ్చువారి మాట వేరు. వారు కోరునది తగిన వెల, అదియు సకాలమున. ఈ మూడు మాటలను విన్ననే తప్ప కోనసీమ అభిప్రాయమును విన్నట్లు కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. కోటిపల్లిలో తొలిబండి నెక్కినవారు నేడు అరుదు. వారి మాటలు విన్న బిడ్డలు మాత్రము ఇంకను ఊరూర నున్నారు. రైలుకొరకు ఏ రేవు దాటిరి, ఎంత ప్రొద్దున బయలుదేరిరి, ఏ పనిమీద పోయిరి యను సంగతులను విద్యార్థులచే అడిగించి, ఒక్కొక్క కాగితమున వ్రాయింపుడు. స్టేషను కట్టువారికడ పటములును, లెక్కలును ఉండును. ఈ కాగితములు మాత్రము మన పాఠశాలలనుండియే వారికి అందవలెను.