మధ్యపదమును చీల్చుట యెట్లు?

6య² + 7య − 20 అను వర్గ సమాసమును కారణాంకములుగా విడదీయవలెనన్నచో విద్యార్థి సాధారణముగా ఊహకు దిగును. మొదటి గుణకమగు 6చే చివరి పదమగు −20ని హెచ్చించగా −120 వచ్చును. లబ్ధము −120, మొత్తము 7 అగు రెండు సంఖ్యలు కావలెను. 12, −10 కాదు. 20, −6 కాదు. ఇట్లు వెదకుచుండగా పరీక్షాకాలము గడచిపోవును. అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. జత దొరకనప్పుడు తాను సరిగా వెదకలేదో, అట్టి జతయే లేదో అతనికి తెలియదు. ఉపాధ్యాయులు కుదురు లెక్కలనే ఏరి యిత్తురు గనుక ఈ చిక్కు తరగతిలో కానరాదు.

ఏ రెండు సంఖ్యలకైనను మొత్తము యొక్క వర్గమునుండి లబ్ధమునకు నాలుగు రెట్లు తీసివేసినచో భేదము యొక్క వర్గము మిగులును. ఇచ్చట 49 + 480 = 529; ఇది 23 యొక్క వర్గము. మొత్తము 7, భేదము 23 కనుక ఆ సంఖ్యలు 15, −8. మధ్యపదమును 15య − 8యగా చీల్చినచో

3య(2య + 5) − 4(2య + 5) = (2య + 5)(3య − 4).

చివరి పదమును −21గా మార్చి చూడుడు. 49 + 504 = 553. ఇది 23, 24ల వర్గములగు 529, 576ల నడుమ నున్నది, పూర్ణవర్గము కాదు. కావున పూర్ణాంక గుణకములు గల కారణాంకములు లేవు. వెదకుట మానవచ్చును.

ఈ పరీక్షకు మూలము పాతదే. వర్గ సమీకరణమును మొదటి గుణకమునకు నాలుగు రెట్లగు సంఖ్యచే హెచ్చించుమను శ్రీధరాచార్యుని సూత్రమును 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున ఉదాహరించెను. 6య² + 7య = 20 అను దానిని 24చే హెచ్చించి, ఇరువైపుల 49 కలిపినచో (12య + 7)² = 529 అగును. పైన మనకు దొరకిన 529 ఇదియే.