శక్తిమాన్ ఎట్లు ఎగిరెను?

1998వ సంవత్సరమున మా యింట జరిగిన యొక చిన్న సంగతితో నీ వ్యాసము నారంభించుచున్నాను. నేనప్పుడు ఇంటర్మీడియెటు చదువుచుంటిని. మా తమ్మునికి ఎనిమిదేండ్లు. ఒక సెలవుదినమున వాడు ఎఱ్ఱచొక్కా తొడిగికొని, పెరటిలోని ప్రహరీగోడ యెక్కి, కుడిచేయి పైకెత్తి, గిరగిర తిరిగి క్రిందికి దుమికెను. మణికట్టు ఎముక విరిగెను. ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేయించి యింటికి దెచ్చిన పిమ్మట వాడు నన్ను మెల్లగా నడిగెను: “అన్నా, నేను పడుచుండగా శక్తిమాన్ ఏల రాలేదు?”

అమ్మ వానిని కోపించెను. నాన్నగారు టెలివిజను కట్టివేసిరి. ప్రశ్నకు మాత్రము ఎవ్వరును బదులు చెప్పలేదు. నాకును ఆనాడు తెలియదు. పిమ్మట ఉపాధ్యాయ శిక్షణ పొంది, బాలుర ప్రశ్నలకు బదులు చెప్పుటయే వృత్తిగా గైకొంటిని గనుక, ఆ పాతబాకీ నీ పత్రికాముఖమున తీర్చుకొనుచున్నాను.

శక్తిమాన్ అనునది 1997 సెప్టెంబరు 13వ తేదీన దూరదర్శన్‌లో ప్రారంభమై 2005వ సంవత్సరము వఱకు సాగిన హిందీ ధారావాహిక. దీనికి దర్శకుడు దినకర్ జానీ. దీనిని నిర్మించి, నాయక పాత్రమును ధరించినవారు ముకేశ్ ఖన్నాగారు. బి. ఆర్. చోప్రాగారి మహాభారత ధారావాహికలో భీష్మ వేషము ధరించి దేశమంతట పేరొందినవారు వీరే. ఆ కాలమున పల్లెటూళ్లలో పెక్కిండ్లకు దూరదర్శన్ దప్ప వేరొక ప్రసారము లేదు. హిందీ రాని మా యూరి పిల్లలును ఈ కథ నెంతో శ్రద్ధతో చూచుచుండిరి. మంచివాడెవడో, దుర్మార్గుడెవడో వేషములే చెప్పుచుండగా భాషతో వారికేమి పని?

కథానాయకునికి రెండు రూపములు. ఒకటి, గంగాధరుడను వెఱ్ఱిబాగుల ఛాయాగ్రాహకుడు. పెద్ద కళ్లద్దములు, ఎత్తుపండ్లు, తడబాటు మాటలు గలిగి, ఒక వార్తాపత్రికలో పనిచేయుచుండును. ఆ పత్రికలోనే గీతా విశ్వాస్ అను ధీరురాలైన విలేకరి గలదు. ఆపద సంభవించినపుడు గంగాధరుడు బొంగరమువలె తిరిగి, ఎఱుపు బంగారు వన్నెల దుస్తులతో శక్తిమాన్‌గా మాఱును. 1938లో అమెరికా చిత్రకథలలో పుట్టిన సూపర్‌మాన్ గూడ పైకి పిరికివాడుగా కనబడు పత్రికా విలేకరియే. ఆ పోలిక స్పష్టమే. కాని సూపర్‌మాన్ బలము అన్యగ్రహమునుండి వచ్చినది. శక్తిమాన్ బలము యోగసాధనచేతను, పంచభూతములవలనను లభించినట్లు కథకులు కల్పించిరి. అతనికి శత్రువు తమరాజ్ కిల్విష్, అనగా చీకటికి ప్రభువు. డాక్టర్ జైకాల్ అను మఱియొక దుష్టుడు శాస్త్రజ్ఞానమును చెడుపనులకు వినియోగించుచుండును.

ఇక అసలు సంగతి. మనుష్యుడు తెరమీద ఎట్లు ఎగిరెను? ఆ విద్యకు మూలము రంగుగుడ్డ. నటుని నీలముగాని, ఆకుపచ్చగాని యగు ఒకే రంగుగల తెర యెదుట నిలుపుదురు. ఎగురు భంగిమ కావలసినచో ఒక బల్లపై బోర్లగా పరుండజేసి, ఆ బల్లకును అదే రంగు గుడ్డ కప్పుదురు. పెద్ద పంకాతో జుట్టు రేగునట్లు గాలి విసరుదురు. అంతట కెమేరాతో చిత్రము తీయుదురు. పిమ్మట యంత్రమునకు, ఆ రంగున్న తావులనన్నిటిని చెఱిపి యచట మఱియొక చిత్రమును నింపుమని యాజ్ఞ యిత్తురు. తెరయు, గుడ్డ కప్పిన బల్లయు మాయమగును, నటుడొక్కడే మిగులును. వాని వెనుక మేఘములను వెనుకకు పరుగెత్తించినచో నటుడు ముందునకు పోవుచున్నట్లు తోచును. రైలుబండిలో కూర్చున్నవానికి చెట్లు వెనుకకు పోవుచున్నట్లు కనబడును గదా; ఇది దానికి తిరుగుడు.

నీలపు, ఆకుపచ్చ రంగులనే యేల యెన్నుకొందురు? మనుష్యుల చర్మము నలుపైనను తెలుపైనను దానిలో ఎఱుపు పసుపు ఛాయలే యెక్కువ. కావున యంత్రము చర్మమును తెరయని పొరబడదు. శక్తిమాన్ దుస్తులు ఎఱుపు బంగారు వన్నెలవి గనుక ఇబ్బంది లేకపోయెను. నీలితెర యెదుట నీలిదుస్తులు ధరించినచో తలయు చేతులు మాత్రమే యాకాశమున తేలుచుండెడివి!

వారమువారము ప్రసారమగు ధారావాహికకు ధనమును కాలమును రెండును కొఱతయే. ప్రకటనలవలన వచ్చిన సొమ్ముతోనే నిర్మాత వేషములకు, యంత్రములకు, జీతములకు వ్యయము చేసి, పైగా ప్రసారపు రుసుము చెల్లింపవలెను. ఆ రుసుము పెరుగుచు వచ్చుటయే ధారావాహిక ముగియుటకు కారణమని ఖన్నాగారు తరువాత చెప్పిరి. ఇట్టి స్థితిలో ఒకసారి తీసిన ఎగురు దృశ్యమునే మరల మరల వాడుకొనుట సహజము. అమెరికాలో 1952 మొదలు 1958 వఱకు సాగిన సూపర్‌మాన్ ధారావాహికలోను ఇట్లే చేసిరి. అందు నటుడు జార్జి రీవ్స్ పైకి లేచుటకు, కెమేరాకు కనబడని స్ప్రింగుపలకపై దుమికెడివాడు. చిన్నధనముతో చేసిన పనికి లోపములు తప్పవు: జుట్టు చుట్టును సన్నని నీలిగీత కనబడుట, మేఘములపై వెలుగొక దిక్కునను ముఖముపై వెలుగొక దిక్కునను ఉండుట మొదలగునవి. చూడనేర్చినవానికి ఆ లోపములే గురువులు. మన తెలుగువారికిని ఈ విద్య క్రొత్తది కాదు. 1957లో వెలువడిన మాయాబజార్ చిత్రమున మార్కస్ బార్ట్‌లీగారు కంప్యూటరు సహాయము లేకయే ఎన్ని వింతలు చూపిరో మీ తాతగారి నడుగుడు.

పెద్దలకిది వినోదము, పసివారికి నిజము. శక్తిమాన్ వచ్చి రక్షించునను నమ్మికతో పిల్లలు మేడలపైనుండి దుమికిరనియు, నిప్పంటించుకొనిరనియు ఆ దినములలో పత్రికలలో వార్తలు వెలువడి, గొప్ప అలజడి కలిగెను. వానిలో కొన్ని నిజము కావని నిర్మాత వాదించెను. అయినను ఆయన ఊరకుండక, తెరపై తానే నిలిచి, ఇట్టి పనులు చేయవలదని బాలురకు హెచ్చరిక చేసెను. ప్రతి భాగము చివరను, పండ్లు తోముకొనుట, పెద్దలమాట వినుట మొదలగు చిన్న నీతులను చెప్పుటయు జరిగెను. ఆ నీతులు మంచివే. కాని ఎగురవలదని చెప్పుట వేఱు, ఎట్లు ఎగిరెనో చెప్పుట వేఱు. మా తమ్ముడు మొదటిదానిని విననే విని యుండెను.

వాని ప్రశ్నకు భౌతికశాస్త్రము చెప్పు బదులిది. రెండు మీటర్ల యెత్తుగల గోడనుండి జారినవాడు నేల చేరుటకు పట్టుకాలము ఒక సెకండులో మూడింట రెండువంతులకంటెను తక్కువ. నేల తాకునప్పటి వేగము గంటకు సుమారు 22 కిలోమీటర్లు, అనగా సైకిలును బలముగా త్రొక్కినప్పటి వేగము. పదవ తరగతివారు సూత్రము ననుసరించి లెక్కవేసి చూచుకొనవచ్చును. ఆ కొలదికాలములో పిలుపు విని రాగలవాడు లోకమున లేడు. ఇక శక్తిమాన్ వేషగాడో, గుడ్డ కప్పిన బల్లపై నుండెను. ఆయనయు మన గోడనుండి దుమికినచో మనవలెనే పడును. రాకపోవుట దయ లేకపోవుటవలన గాదు.

ఈ మాటలనే నేను శిక్షణ కళాశాలనుండి సెలవులకు వచ్చినపుడు మా తమ్మునికి చెప్పితిని. వాడప్పటికి పెద్దవాడయ్యెను, ఊరక వినెను. కడపట, “ఆనాడే చెప్పియుంటే బాగుండెడిది గదా అన్నా” అనెను. వాడు నన్ను నిందింపలేదు గాని, ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. తల్లిదండ్రులకును, నాతోటి యుపాధ్యాయులకును నేను మనవి చేయునది యింతే: పిల్లలు చూచు వింతలను కట్టివేయుటకు ముందు వారి ప్రక్కన కూర్చుండి, ఒక్క ప్రశ్నకైనను బదులు చెప్పుడు. తెలియనిచో తెలిసికొని చెప్పుడు.

2020 ఏప్రిలులో, దేశమంతయు ఇండ్లలో బందీయై యున్న దినములలో, దూరదర్శన్ శక్తిమాన్‌ను మరల ప్రసారము చేసెను. మా తమ్ముడు తన కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “అదిగో చూడమ్మా, ఆ మేఘముల వెనుక ఒక నీలిగుడ్డ యున్నది” అని చెప్పెనట. ఆ పిల్ల పకపక నవ్వెనట. నవ్వి, లేచిపోక, కడవఱకు చూచెను. మఱునాడు పడకమీది నీలిదుప్పటిని గోడకు వ్రేలాడగట్టుమని తండ్రిని వేధించెనట. గోడ యెక్కలేదు.