ముద్దాయి లేని బోను

రెండేళ్ళ కిందట నేను పనిచేసిన బడిలో, ఏడో తరగతి కిటికీ అద్దం పగిలింది. ఎవరు పగలగొట్టారని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీలోంచి ఒక పేరు వినిపించింది. వెంటనే ఇంకో నలుగురు అదే పేరు చెప్పారు. ఆ పిల్లవాడు కిందటి వారమే టీసీ తీసుకుని, వాళ్ళ నాన్నకు బదిలీ అయిన ఊరికి వెళ్ళిపోయాడు! వాడే పగలగొట్టి ఉండవచ్చు. కానీ వాడి మాట వినేదెలా?

అక్షి అంటే కన్ను. కంటి ఎదుట జరిగేది ప్రత్యక్షం, కంటికి అవతల జరిగేది పరోక్షం. మరి ఒక మనిషి పరోక్షంలో అతని మీద క్రిమినల్ కేసు నడిపి, శిక్ష వేయవచ్చా?

మామూలుగా అయితే కూడదు. నేరం చేశాడని కేసు ఎదుర్కొంటున్న మనిషిని కోర్టు భాషలో ముద్దాయి అంటారు. సాక్షులు చెప్పేదంతా ముద్దాయి ఎదుట చెప్పాలి. అతనికి హాజరు నుంచి మినహాయింపు ఉంటే అతని వకీలు ఎదుట చెప్పాలి. "ఆ రాత్రి ఇతన్ని బావి దగ్గర చూశాను" అని సాక్షి అన్నాడనుకోండి. అక్కడ దీపం ఉందా, నువ్వెంత దూరంలో నిలబడ్డావు అని అడగాలని మొదట తోచేది ముద్దాయికే. వకీలు ఎంత తెలివైనవాడైనా, ఆ సంగతి అతని చెవిలో వేసే మనిషి ఉండాలి.

అలాగని ముద్దాయి పారిపోతే కేసు ఆగిపోవాలా? మన పాత చట్టం కింద దాదాపు అంతే జరిగేది. సాక్షుల మాటలు రాసి భద్రపరిచేవారు, తీర్పు మాత్రం మనిషి దొరికాకే. ఈలోగా సాక్షులు ముసలివాళ్ళవుతారు, కొందరు పోతారు. నష్టపోయినవాళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటారు. ఇది కూడా న్యాయం కాదు కదా.

పరోక్షంలో జరిగిన విచారణల్లో అందరికీ తెలిసినది మార్టిన్ బోర్మన్‌ది. ఇతను హిట్లర్ కార్యదర్శి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకులను విచారించేనాటికి అతని జాడ లేదు. రేడియోలోనూ పత్రికల్లోనూ ప్రకటనలు ఇచ్చినా రాలేదు. కోర్టు నియమించిన వకీలు, పాపం, ఎన్నడూ కలవని మనిషి కోసం వాదించాడు. అతను చనిపోయి ఉంటాడని కూడా చెప్పాడు. అందుకు గట్టి రుజువు లేదని కోర్టు 1946 అక్టోబర్ 1న మరణశిక్ష విధించింది. 1972లో బెర్లిన్‌లో తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. అవి బోర్మన్‌వేనని 1998లో డీఎన్ఏ పరీక్షలో తేలింది. విచారణ మొదలుకాక ముందే, 1945 మేలో, అతను చనిపోయాడు.

అది చరిత్రలో ఒక వింత. మనలా తరచు ఇళ్ళు మారేవాళ్ళకు దగ్గరగా ఉండే కేసు ఇంకొకటుంది. ఇటలీలోని రోమ్ నగరంలో ఒకతని మీద మోసం కేసు వచ్చింది. 1973లో కోర్టు ఉద్యోగి నోటీసు పట్టుకుని వెళ్తే, అతను ఇల్లు మారాడని తెలిసింది. కొత్త చిరునామాను అతను నగర రిజిస్టర్లో రాయించుకోలేదు. పోలీసులు వెతికినా దొరకలేదు. దాంతో అతన్ని పరారీలో ఉన్నవాడిగా లెక్కగట్టి, నోటీసులను కోర్టు కార్యాలయంలోనే పెడుతూ పోయారు. 1976లో ఆరేళ్ళ జైలుశిక్ష పడింది. మరుసటి ఏడు పోలీసులు అతన్ని పట్టుకున్నారు. ఎక్కడనుకున్నారు? రోమ్‌లోనే, అతని ఇంట్లోనే! ఇంకో కేసు పనిమీద అదే నగర పోలీసులకు అతని కొత్త చిరునామా అప్పటికే తెలుసు. ఒక బల్ల మీది కాగితం పక్క బల్లకు చేరలేదు, అంతే.

'కొలొజ్జా - ఇటలీ' అనే పేరుతో ఈ కేసు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి చేరింది. 1985లో ఇటలీది తప్పని తీర్పు వచ్చింది. పారిపోవడం వేరు, ఇల్లు మారడం వేరు. కేసు ఉందనే తెలియనివాడు విచారణకు రానని చెప్పినట్టు ఎలా అవుతుంది? సంగతి తెలిశాక అతని వాదన మళ్ళీ మొదటినుంచి వినాలి. నేను పారిపోలేదని రుజువు చేసుకునే భారం కూడా అతని నెత్తిన వేయకూడదు. అయితే ఈ తీర్పు వచ్చేనాటికి అతను బతికి లేడు. అతని భార్యే కేసును చివరిదాకా నడిపింది.

ఇక మన దేశం సంగతి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 356వ సెక్షన్లో, పరోక్ష విచారణకూ తీర్పుకూ దారి తెరిచింది. అందరికీ కాదు. పెద్ద నేరాల్లో, కోర్టు 'ప్రకటిత నేరస్థుడు' అని ప్రకటించాక, విచారణ తప్పించుకోవడానికే పారిపోయి ఇప్పట్లో దొరకడనుకున్నవాడికే. అభియోగాలు నమోదైన నాటి నుంచి 90 రోజులు గడవాలి. కనీసం 30 రోజుల ఎడంతో రెండు వారెంట్లు జారీ చేయాలి. అతని చివరి చిరునామా ఉన్న ప్రాంతంలో చదివే దినపత్రికలో ప్రకటన వేసి, 30 రోజులు గడువివ్వాలి. ఇంటికి కాగితం అంటించాలి, పోలీస్ స్టేషన్లోనూ పెట్టాలి. చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ళకు చెప్పాలి. వకీలు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి.

ఇన్ని షరతులేమిటని విసుక్కునేవాళ్ళున్నారు. నాకు మాత్రం చుట్టాలకో స్నేహితులకో చెప్పమన్నదే వీటిలో పనికొచ్చేది అనిపిస్తుంది. పత్రిక, తలుపు, స్టేషన్ అన్నీ పాత చిరునామా దగ్గరే ఆగిపోతాయి. మనిషి వెంట కొత్త ఊరికి వెళ్ళగలిగేది స్నేహితుడి ఫోను ఒక్కటే. మన అద్దం కేసులోనూ అలాగే తెలిసింది. వాడి నేస్తం దగ్గర నంబరుంటే ఫోను చేశాం. "పగలగొట్టింది నేనే మేడమ్, కానీ నేనొక్కణ్ణే కాదు" అన్నాడు. బెంచీల్లో ఇద్దరు తలలు దించుకున్నారు.

శిక్ష పడినవాడు అప్పీలు చేసుకోవాలంటే స్వయంగా పై కోర్టు ముందుకు రావాలి. తీర్పు వచ్చి మూడేళ్ళు దాటితే ఆ అవకాశమూ లేదు. తప్పించుకు తిరిగేవాడికి ఈ గడువు సబబే. రోమ్‌లోని ఆ మనిషిలా, ఏమీ తెలియకుండా కొత్త ఇంట్లో కాపురం చేసుకుంటున్నవాడు నాలుగో ఏట దొరికితే ఏం చేయాలన్నది మాత్రం నాకు ఇంకా మింగుడుపడడం లేదు.