పాత పాఠం తెరుచుకోవడం లేదా? ప్లగిన్ కోసం వెతక్కండి!



ఇంట్లో ఉబుంటు వంటి లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మీ పిల్లలు పాత సైన్స్ యానిమేషన్ తెరిస్తే, బొమ్మకు బదులు ఖాళీ పెట్టె, ప్లగిన్ లేదన్న మాట కనిపిస్తున్నాయా? ల్యాప్‌టాప్ పాడైందని కంగారు పడకండి.

కారణం ఏమిటి?
ఒకప్పుడు ఇలాంటి పాఠాలు చాలావరకు ఫ్లాష్‌లో తయారయ్యేవి. అవి కనిపించాలంటే బ్రౌజర్‌లో ఫ్లాష్ ప్లేయర్ ప్లగిన్ ఉండాలి. అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో దానికి మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి అందులో పాఠాలు నడవకుండా చేసింది. అదే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85లో ఫ్లాష్‌కు చోటే లేదు. అందుకే కొత్త బ్రౌజర్‌లో ఆ ప్లగిన్‌ను ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు.

అసలు ప్రమాదం ఎక్కడ?
"ఫ్లాష్ అప్‌డేట్ చేయండి" అంటూ వచ్చే ప్రకటనలను నమ్మకండి. హోంవర్క్ తొందరలో పిల్లలు దాన్ని నొక్కి, అడిగిన పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తే, మీరు బ్యాంకు పనులు చూసుకునే ల్యాప్‌టాప్ పరాయివాళ్ల చేతిలో పడవచ్చు.

ఇలా చేయండి
1. పాత ఫ్లాష్ ప్లగిన్ ఇంకా ఉంటే తీసేయండి. తర్వాత బ్రౌజర్‌ను, సిస్టమ్‌ను అప్‌డేట్ చేయండి.
2. అదే పాఠానికి హెచ్‌టీఎంఎల్5 రూపం ఉందేమో చూడండి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు చాలావరకు ఇప్పుడు ఇలాగే, ఏ ప్లగిన్ లేకుండా ఉచితంగా నడుస్తాయి.
3. పాత పాఠమే కావాలంటే రఫుల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్స్ పేజీ నుంచే తీసుకోండి. అయితే అన్ని ఫ్లాష్ పాఠాలూ అందులో సరిగా నడవవు.
4. మామూలు సైట్లు కూడా తెరుచుకోకపోతే ఫైర్‌ఫాక్స్ హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఎంచుకోండి. అప్పుడు బాగా పనిచేస్తే, తప్పు ఏదో ఒక ఎక్స్‌టెన్షన్‌దై ఉండవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడండి.
5. సెట్టింగ్స్‌లోని యూజర్స్ విభాగంలో పిల్లలకు వేరే ఖాతా తెరవండి. దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇవ్వకండి. మీ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ ఆదివారం ఒక అరగంట పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పనులు కలిసి చేయండి. "ఏదైనా ఇన్‌స్టాల్ చేయమని అడిగితే ముందు అమ్మనో నాన్ననో పిలవాలి" అన్న అలవాటు వారికి ఏ ప్లగిన్ కన్నా ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.